జరిమానాలు వేస్తున్నారు సరే, పద్ధతి మారుతోందా? టెక్ దిగ్గజాలు, మన విశాఖ

సాగరతీరం | శనివారం, ఉదయం 8.10

2025 నవంబరు 4న జాతీయ కంపెనీ లా అప్పీలేట్ ట్రైబ్యునల్ వాట్సాప్ కేసులో తీర్పు ఇచ్చింది. కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని సంస్థ మెటాకు వేసిన 213.14 కోట్ల రూపాయల జరిమానా సబబేనంది. వాట్సాప్ వాడేవారి సమాచారాన్ని ప్రకటనల కోసం మెటాలోని ఇతర సంస్థలకు ఐదేళ్లపాటు ఇవ్వకూడదన్న నిషేధాన్ని మాత్రం కొట్టేసింది. ఆ తర్వాత పది రోజులకు మన ఊళ్లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ భాగస్వామ్య సదస్సు జరిగింది. ఆ రెండు రోజులూ మా ఆఫీసులో అందరి నోటా ఒకటే మాట, అక్టోబరు 14న గూగుల్ కుదుర్చుకున్న ఒప్పందం. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్ డేటా సెంటర్, తర్లువాడ, అడవివరం, రాంబిల్లిలలో స్థలాలు.

పెట్టుబడులు వద్దనేవాణ్ణి కాను. డిగ్రీ చేతికి రాగానే పిల్లలు హైదరాబాద్, బెంగళూరు రైలెక్కే ఊరు మనది. ఎవరో వచ్చి ఇక్కడే పని చూపిస్తామంటే సంతోషమే. నా ప్రశ్న వేరు. ఇంత పెద్ద కంపెనీలను చట్టం నిజంగా అదుపు చేయగలుగుతోందా? వాట్సాప్ తీర్పులో డబ్బు నిలిచింది, నిషేధం పోయింది. నాకిది తారుమారుగా కనిపిస్తోంది. డబ్బు వాళ్లకు పెద్ద లెక్క కాదు. కట్టేసి, చేసేది చేసుకుంటూ పోతారు. నిషేధమైతే వ్యాపారం చేసే తీరే మార్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

మధురవాడ డెవలపర్ | శనివారం, ఉదయం 8.55

డబ్బు లెక్క కాదన్న మాటను అంకెల్లో చూపిస్తాను. 2022 అక్టోబరు 20న, ఫోన్ తయారీదారులకు షరతులు పెట్టిందన్న ఆండ్రాయిడ్ కేసులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పటి మారకంలో దాదాపు 16 కోట్ల డాలర్లు. ఆ ఏడాది గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ రాబడి సుమారు 28,280 కోట్ల డాలర్లు, అంటే రోజుకు 77 కోట్లు. పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వచ్చిన ఆ జరిమానా ఆ కంపెనీకి ఐదు గంటల రాబడి.

ఐదు రోజుల తర్వాత ప్లే స్టోర్ చెల్లింపుల కేసులో మరో 936.44 కోట్లు వేశారు. 2025 మార్చిలో అప్పీలేట్ ట్రైబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది.

నేను పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పే చిన్న యాప్ నడుపుతున్నాను. చందా 300 రూపాయలు. మా యాప్ ఉన్న స్టోర్ పేరు చెప్పను. ఆ చందాలో వాళ్ల వాటా పోయాక, పన్ను పోయాక, పాఠం చెప్పిన ఉపాధ్యాయుడికి ఇచ్చాక మిగిలేది చూస్తే సర్వర్ అద్దె గుర్తొస్తుంది. జరిమానా 936 కోట్లైనా 216 కోట్లైనా నా చందా లెక్కలో ఒక్క రూపాయి మారలేదు. మారాల్సింది స్టోర్ షరతు.

ఐటీ హిల్ ఉద్యోగి | శనివారం, ఉదయం 9.30

రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. కంపెనీ పెద్దదైతే తప్పు చేసినట్టేనా? మ్యాపులు, ఈమెయిల్, వీడియోలు డబ్బివ్వకుండానే వాడుతున్నాం. చవక ఫోను పల్లె దాకా వెళ్లిందంటే ఆండ్రాయిడ్‌ను తయారీదారులకు ఉచితంగా ఇవ్వడమే ప్రధాన కారణం.

నియంత్రణ సంస్థలు చెప్పిందంతా నిజమని కూడా అనుకోవద్దు. చిప్‌ల కంపెనీ ఇంటెల్‌కు ఐరోపా కమిషన్ 2009లో 106 కోట్ల యూరోలు వేసింది. 2022లో అక్కడి జనరల్ కోర్టే ఆ జరిమానా కొట్టేసింది. గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ కేసులో 2019లో వేసిన 149 కోట్ల యూరోలదీ అదే గతి, 2024 సెప్టెంబరులో రద్దయింది. 2025 నవంబరు 18న అమెరికాలో ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కొనుగోళ్లపై మెటా మీద అక్కడి నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసు ఓడిపోయింది. టిక్‌టాక్, యూట్యూబ్ పోటీ ఉండగా మెటాకు గుత్తాధిపత్యం ఉందని ఇప్పుడు అనలేమన్నారు న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్.

మన ఊరికి ఇప్పుడిప్పుడే ఒక పెద్ద సంస్థ వస్తోంది. వచ్చీ రాకముందే దాన్ని ముద్దాయిని చేసి మాట్లాడితే తర్వాతి వాళ్లు రావడానికి వెనకాడతారు.

ఎంవీపీ మాస్టారు | శనివారం, ఉదయం 10.45

ఐటీ హిల్ నాయనా, పెద్దదవడం నేరం కాదు. మన చట్టమూ ఆ మాట అనలేదు. గుత్తాధిపత్యాన్ని అడ్డుకోవడానికి 1969లో తెచ్చిన ఎంఆర్‌టీపీ చట్టానికి కంపెనీ పరిమాణమే అనుమానం. విస్తరించాలంటే అనుమతి అడగాల్సిన రోజులవి. అలా ఉండకూడదనే 2002లో కాంపిటీషన్ చట్టం తెచ్చారు. ఆధిపత్యం ఉంటే తప్పు లేదు, దాన్ని దుర్వినియోగం చేస్తేనే తప్పు అన్నది దాని మూలసూత్రం. అర్థశాస్త్రం పాఠాల్లో పిల్లలకు ఈ తేడా చెప్పడానికే నాకు ఎక్కువ సమయం పట్టేది.

అయితే దుర్వినియోగం రుజువయ్యాక ఏం చేయాలన్న దగ్గరే ప్రపంచమంతా తడబడుతోంది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టింది. 1984లో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ విడిపోయింది. 2000లో మైక్రోసాఫ్ట్‌ను రెండుగా చీల్చమని కింది కోర్టు చెబితే మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. ఆ తర్వాత అమెరికాలో ఏ పెద్ద టెక్ కంపెనీనీ కోర్టు విడదీసిన దాఖలా నాకు తెలియదు.

2024 ఆగస్టులో అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా, సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలుపుకుందని తేల్చారు. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగా కనిపించే సెర్చ్ తనదే కావడానికి 2021 ఒక్క ఏడాదే గూగుల్ 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని ఆ విచారణలో బయటపడింది. ఆ అంకె దగ్గర కాసేపు ఆగండి. మన ఊరికి ఐదేళ్లలో తెస్తామంటున్న పెట్టుబడి 1,500 కోట్ల డాలర్లు. పోటీదారుడికి చోటు దక్కకుండా ఉండడానికి ఒక్క ఏడాదిలో పెట్టిన ఖర్చు దానికంటే ఎక్కువ. అంతా చేసి, 2025 సెప్టెంబరు 2న, తప్పును ఎలా సరిదిద్దాలో చెప్పిన తీర్పులో గూగుల్ తన బ్రౌజర్ క్రోమ్‌ను అమ్మక్కర్లేదన్నారు, ఆ చెల్లింపులూ పూర్తిగా ఆగలేదు. ప్రత్యేక ఒప్పందాలు మాత్రం కుదరవన్నారు, కొంత సెర్చ్ సమాచారం పోటీదారులకు ఇవ్వమన్నారు.

సాగరతీరం గారు అడిగిందానికి నా జవాబు ఇది. జరిమానా మొత్తం ఎంత అని మొదట చూడకండి. ఏ పని మానమన్నారు, ఏ పని చేయమన్నారు, దాన్ని ఎవరు ఎంతకాలం కనిపెట్టి ఉంటారు అన్నవి చూడండి.

సబ్బవరం విద్యార్థిని | శనివారం, మధ్యాహ్నం 12.20

లా చదువుతున్నాను. మాస్టారు చెప్పినదానికి మన చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను.

జరిమానా గరిష్ఠంగా గడిచిన మూడేళ్ల సగటు టర్నోవర్‌లో 10 శాతం. ఏ టర్నోవర్ అన్నదే అసలు పోరు. 2017లో ఎక్సెల్ క్రాప్ కేర్ కేసులో సుప్రీంకోర్టు, తప్పు జరిగిన వ్యాపారానికి సంబంధించిన టర్నోవర్‌నే లెక్కలోకి తీసుకోవాలంది. పురుగుమందుల కంపెనీ కేసు అది. ప్లే స్టోర్ జరిమానా 936 నుంచి 216 కోట్లకు దిగడానికి ఆ సూత్రమే దారి చూపింది. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ప్రపంచవ్యాప్త టర్నోవర్‌ను లెక్కించే వీలు కల్పించింది. 2024లో మార్గదర్శకాలు వచ్చాయి. 2025 నవంబరులో ఆ నిబంధననే యాపిల్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. కమిషన్ ముందున్న కేసులో తమకు గరిష్ఠంగా 3,800 కోట్ల డాలర్ల దాకా పడవచ్చని ఆ కంపెనీయే లెక్కగట్టి కోర్టుకు చెప్పింది. అంటే జరిమానా నొప్పించేంత పెద్దదైనప్పుడు వాళ్లకూ లెక్కలోకి వస్తుంది. ఈ ఒక్క విషయంలో డెవలపర్ గారితో పూర్తిగా ఏకీభవించలేను.

వాట్సాప్ విషయం. 2021లో వచ్చిన కొత్త విధానం ఒప్పుకుంటేనే వాడుకోండి, లేకపోతే లేదు అన్నట్టు ఉంది. దాన్ని కమిషన్ దుర్వినియోగమంది, ట్రైబ్యునల్ ఆ నిర్ధారణను మార్చలేదు. ఐదేళ్ల నిషేధం పోయినా, సమాచారం పంచుకోవాలా వద్దా అన్నది వాడేవారే ఎంచుకోవాలన్న ఆదేశాలు మిగిలాయి. కాబట్టి పూర్తిగా తారుమారైందనలేం. ఆ ఎంపిక తెరమీద ఎక్కడ, ఎంత స్పష్టంగా కనిపిస్తుందన్నది ఇక చూడాలి. నాలుగు మెనూల లోపల దాచేస్తే ఉన్నా లేనట్టే.

ఇంకొకటి. జరిమానా డబ్బు దేశ సంచిత నిధికి వెళ్తుంది. నష్టపోయినవారికి అందులో పైసా రాదు.

కంచరపాలెం మొబైల్స్ | శనివారం, మధ్యాహ్నం 2.05

చట్టం సంగతి పెద్దలు చెబుతున్నారు. కౌంటర్ దగ్గర నాకు కనిపించేది చెబుతాను.

కొత్త ఫోను డబ్బా తెరిచి ఆన్ చేస్తే, భాష ఎంచుకున్న కాసేపటికి తెర నిండా యాప్‌లు వచ్చి కూర్చుంటాయి. కొనుక్కున్న మనిషి ఒక్కటీ పెట్టుకోలేదు. మొదటి తెర మీద వెతుకుడు పెట్టె ఉంటుంది, అది ఎవరిదో చెప్పక్కర్లేదు. 2022 తీర్పు తర్వాత గూగుల్ 2023 జనవరిలో కొన్ని మార్పులు ప్రకటించింది. తయారీదారులు యాప్‌లన్నీ కట్టగా కాకుండా విడివిడిగా తీసుకోవచ్చని, వెతకడానికి ఏ సంస్థ కావాలో కొనుక్కున్నవారే ఎంచుకోవచ్చని చెప్పింది. మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఆ ఎంపిక ఉందని తెలిసినవారు చాలా తక్కువ. పెద్దవాళ్లు ఫోను నా చేతిలో పెట్టి "నువ్వే అన్నీ నొక్కెయ్ బాబూ" అంటారు. నేను దేన్ని నొక్కితే అదే వాళ్ల ఎంపిక.

ఫోను తయారయ్యే చోట మారాలి గానీ, డబ్బా విప్పాక మా చేతుల్లో మారేది తక్కువ.

ఐటీ హిల్ ఉద్యోగి | శనివారం, మధ్యాహ్నం 2.40

ఎంపిక ఇచ్చినా జనం అదే ఎంచుకుంటున్నారంటే అది బాగుందనే అర్థం కూడా రావచ్చు కదా.

కంచరపాలెం మొబైల్స్ | శనివారం, మధ్యాహ్నం 2.52

రావచ్చు. బాగున్నదాన్ని ఎంచుకోవడానికి అంతంత డబ్బు కట్టి ముందే చోటు పట్టుకోవడం ఎందుకు మరి? మాస్టారు చెప్పిన 2,630 కోట్ల డాలర్లు చూశాక నాకు కలిగిన సందేహం ఇది.

ఋషికొండ అతిథిగృహం | శనివారం, సాయంత్రం 5.15

మీరు యాప్ స్టోర్లు, సెర్చ్ గురించి మాట్లాడుతున్నారు. నా సమస్య గదులు బుక్ చేసే యాప్‌లతో. అదీ ఇదే కోవలోకి వస్తుందో రాదో చెప్పండి.

బీచ్‌కు దగ్గరలో మాది చిన్న అతిథిగృహం. కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా అరకు, లంబసింగి వెళ్లేవాళ్లు ఒక రాత్రి ఇక్కడ దిగుతారు. బుకింగులు చాలావరకు ఒక యాప్ ద్వారానే. నూటికి ఇరవై పైచిలుకు కమీషన్. అది కాక వాళ్లు పెట్టే రాయితీల్లో మా వాటా, పైన కనిపించాలంటే ప్రకటన రుసుము. ఇవన్నీ పోను గది ధరలో మూడో వంతు దాకా మా చేతికి రాని రోజులున్నాయి.

అది వ్యాపారం, భరిస్తాం. భరించలేనిది వేరే. నిరుడు డిసెంబరులో ఒక కుటుంబం నేరుగా ఫోన్ చేసింది. ఏటా వచ్చేవాళ్లే. యాప్‌లో 2,400 ఉన్న గదిని వాళ్లకు 2,000కే ఇస్తానన్నాను. కమీషన్ లేదు కాబట్టి నాకూ లాభం, వాళ్లకూ లాభం. మా వెబ్ పేజీలోనూ అదే ధర పెట్టాను. రెండు రోజుల్లో యాప్ ప్రతినిధి ఫోన్ చేసి, మీ ధర మా ధరకంటే తక్కువ ఉండకూడదు, ఒప్పందంలో ఉంది చూసుకోండి అన్నాడు. నేను వెంటనే మార్చలేదు. ఆ వారాంతానికి ఋషికొండ అని వెతికితే మొదటి పేజీలో ఉండే మా పేరు ఎంత కిందికి జరిపినా కనబడలేదు. గదులు అలాగే, రేటింగ్ అలాగే. డిసెంబరు చివరి వారం, ఊరంతా కిటకిటలాడే రోజులు. మా దగ్గర పైఅంతస్తు తాళాలు గోడ మేకులకే వేలాడాయి. ధర మళ్లీ 2,400 చేశాను. పేరు పైకి వచ్చింది.

నా గదికి నా ధర నేను చెప్పుకోలేకపోతే ఆ వ్యాపారం ఎవరిది?

సబ్బవరం విద్యార్థిని | శనివారం, సాయంత్రం 6.30

అండీ, మీది సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది. మీరు వాడే యాప్ ఏదో నేను అడగను, చెప్పక్కర్లేదు. ఇలాంటి షరతు మీదే 2022 అక్టోబరు 19న కమిషన్ ఒక తీర్పు ఇచ్చింది. మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్లు జరిమానా వేసింది. ఇంకెక్కడా తక్కువ ధరకు గది ఇవ్వకూడదని హోటళ్లతో చేసుకున్న ఒప్పందాలను మార్చుకోమని మేక్‌మైట్రిప్ సంస్థను ఆదేశించింది. ఓయోతో కుదిరిన ఏర్పాటు వల్ల ఫ్యాబ్‌హోటల్స్, ట్రీబో అనే పోటీ హోటల్ సంస్థల పేర్లు జాబితాలో లేకుండా పోవడం కూడా ఆ కేసులో భాగం.

ఫిర్యాదు చేసినవారిలో హోటళ్ల సమాఖ్య ఉంది. ఒక్కొక్క హోటల్ యజమాని విడిగా వెళ్లి ఉంటే అంత దూరం వచ్చేది కాదని నా అభిప్రాయం.

జాలరిపేట | శనివారం, రాత్రి 8.45

మా ఇంట్లో నాన్న, చిన్నాన్న చేపల వేట. నేను సాఫ్ట్‌వేర్. ఋషికొండ గారు రాసింది చదువుతుంటే నాకు ఫిషింగ్ హార్బర్ గుర్తొచ్చింది.

వేటకు వెళ్లాలంటే డీజిలు, మంచు, వలలు, సరుకులు కావాలి. చేతిలో డబ్బుండదు. వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ కూడా అడగడు. ఒక్కటే షరతు, తెచ్చిన సరుకు ఆయనకే ఇవ్వాలి. తెల్లవారి బోట్లు ఒడ్డుకు చేరాక, పక్కన వేలంలో టైగర్ రొయ్య ఒక ధర పలుకుతుంటుంది. మన బుట్ట వేలానికి పోదు. ఆయన మనిషి వచ్చి తూకం వేసి, చెప్పిన ధర పుస్తకంలో రాసుకుని తీసుకెళ్తాడు. ధర తక్కువని వేరేవాళ్లకు అమ్మితే తర్వాతి వేటకు డీజిలు ఉండదు.

ఆ వ్యాపారికి ఎవరైనా జరిమానా వేశారనుకోండి, కట్టేస్తాడు. కట్టిన డబ్బు రేపటి తూకంలో మా దగ్గరే రాబట్టుకుంటాడు. అదే, అడ్వాన్సు తీసుకున్నా సరుకు వేలంలో అమ్ముకోవచ్చు అన్న నియమం పెట్టి, దాన్ని అమలు చేసే మనిషిని హార్బరులో నిలబెడితే మా నాన్న బతుకు మారుతుంది. బుకింగ్ యాప్‌కు, యాప్ స్టోర్‌కు, సెర్చ్‌కు కూడా కావాల్సింది అదే అని నాకు అనిపిస్తోంది. షరతు విప్పాలి.

మధురవాడ డెవలపర్ | శనివారం, రాత్రి 9.20

జాలరిపేట, మాటల్లో పెట్టలేకపోతున్నది రాసేశారు. ఉచితమైన ఆండ్రాయిడ్ కూడా అలాంటి అడ్వాన్సే.

ఆండ్రాయిడ్ కేసులో కమిషన్ పది ఆదేశాలు ఇచ్చింది. 2023 మార్చి 29న ట్రైబ్యునల్ జరిమానా మొత్తం ఉంచి, అందులో నాలుగు ఆదేశాలు తీసేసింది. ఇతర యాప్ స్టోర్లను ప్లే స్టోర్ ద్వారా అందించనివ్వాలన్నది, ముందే వేసిన యాప్‌లను వాడేవారు తీసేసుకునే వీలుండాలన్నది ఆ నాలుగులోవే. మాలాంటి చిన్నవాళ్లకు పనికొచ్చేవి అవే. డబ్బు ఉండి ఆదేశం పోవడం వాట్సాప్ కేసుతో మొదలు కాలేదు.

గాజువాక వాసి | ఆదివారం, ఉదయం 7.00

రాత్రి అంతా చదివాను. మీరంతా కంపెనీ, కమిషన్, కోర్టు అంటున్నారు. ప్రభుత్వం ఎక్కడ?

దశాబ్దాల క్రితం ఒక కర్మాగారం కోసం మా ఊరు భూములిచ్చింది. ఇచ్చిన రోజున చెప్పిన మాటలు వేరు, తర్వాత చేతికి వచ్చిన కాగితాలు వేరు. ఇప్పటికీ కార్యాలయాల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు మా వీధిలో ఉన్నాయి. అందుకే తర్లువాడ రైతుల గురించి వింటే నాకు మనసు ఆగదు. పెద్ద కంపెనీ బలం మార్కెట్లో మాత్రమే ఉండదు. భూమి, నీరు, కరెంటు మీద రాష్ట్రాలతో బేరమాడగలగడం కూడా బలమే. ఈ రాష్ట్రం ఇవ్వకపోతే పక్క రాష్ట్రానికి పోతామంటే ఎవరైనా దిగి రావాల్సిందే. డేటా సెంటర్‌కు నీరు ఎక్కడి నుంచి ఎంత, కరెంటు ఏ ధరకు, స్థానికులకు ఎన్ని శాశ్వత ఉద్యోగాలు అన్నవి కాగితం మీద అందరికీ కనిపించేలా పెట్టమని అడగడం పెట్టుబడికి అడ్డుపడటం కాదు.

ఎంవీపీ మాస్టారు | ఆదివారం, ఉదయం 9.15

గాజువాక వాసి గారు ముఖ్యమైన తలుపు తెరిచారు. ఐరోపాలో పోటీ చట్టం కంపెనీల దగ్గరే ఆగదు, సభ్యదేశాల ప్రభుత్వాలనూ పట్టుకుంటుంది. ఒక దేశం ఒక కంపెనీకి మాత్రమే ప్రత్యేక రాయితీ ఇచ్చి పోటీని దెబ్బతీస్తే దాన్ని వెనక్కి రాబట్టమంటుంది. యాపిల్‌కు ఐర్లాండ్ ఇచ్చిన పన్ను వెసులుబాటు కేసు అదే. 2024 సెప్టెంబరు 10న ఐరోపా అత్యున్నత న్యాయస్థానం, యాపిల్ 1,300 కోట్ల యూరోల పన్ను ఐర్లాండ్‌కు కట్టాల్సిందేనని తేల్చింది. ఐర్లాండ్ ప్రభుత్వం ఆ పన్ను వద్దని ఏళ్ల తరబడి కంపెనీ పక్షాన వాదించింది, తనకు రావాల్సిన డబ్బే అయినా. కంపెనీ వెళ్లిపోతుందన్న భయం ప్రభుత్వాల చేత ఏం చేయిస్తుందో ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మనకు అలాంటి చట్టం లేదు. రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడి రాయితీలిస్తే ఆపే కమిషన్ ఏదీ లేదు. ఈ సంగతి నేను ఏ ఒక్క కంపెనీని, ఏ ఒక్క ప్రభుత్వాన్ని ఉద్దేశించి అనడం లేదు. ఋషికొండ కొండ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చినప్పుడు నాకు సంతోషమూ కలిగింది, బెంగా కలిగింది. సంతోషం పిల్లల కోసం. బెంగ, రేపు వచ్చే ప్రతివాడూ అదే ధర అడుగుతాడని.

ఐటీ హిల్ ఉద్యోగి | ఆదివారం, ఉదయం 10.05

మాస్టారూ, ఆ ధర ఇవ్వకపోతే ఆ సంస్థ వచ్చేదా అన్నది కూడా చూడాలి. హైదరాబాద్‌కు ముప్పై ఏళ్లు ముందుగా దొరికిన అవకాశం మనకు ఇప్పుడు దొరుకుతోంది. వెనకబడిన ఊరు ముందు కొంత వదులుకోక తప్పదని నేను నమ్ముతున్నాను. నీటి లెక్క, కరెంటు లెక్క బయటపెట్టాలన్నదానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు.

సాగరతీరం | ఆదివారం, ఉదయం 11.30

చర్చ ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఒక సందేహం మిగిలింది. ఆదేశాలే ముఖ్యమని చాలామంది అన్నారు. అవి రావడానికి పట్టే కాలం మాటేమిటి? ఆలోగా చిన్నవాళ్లు నిలబడతారా?

సబ్బవరం విద్యార్థిని | ఆదివారం, మధ్యాహ్నం 1.10

నన్ను ఎక్కువగా బాధించేది అదే. బ్రిటన్‌లో ఫౌండెమ్ అనే ధరలు పోల్చి చూపే వెబ్‌సైటు ఉండేది. గూగుల్ తన సొంత షాపింగ్ ఫలితాలను పైన పెట్టి తమను కిందికి తోసేస్తోందని 2009లో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 242 కోట్ల యూరోల జరిమానాతో నిర్ణయం వచ్చింది 2017లో. అప్పీళ్లన్నీ దాటి అత్యున్నత న్యాయస్థానం ఖరారు చేసింది 2024 సెప్టెంబరులో, యాపిల్ తీర్పు వచ్చిన రోజే. ఫౌండెమ్ 2016లోనే మూతపడింది. కేసు గెలిచేనాటికి ఆ సైటు లేదు.

అందుకే ఐరోపా డిజిటల్ మార్కెట్ల చట్టం తెచ్చుకుంది. తప్పు జరిగాక ఏళ్లపాటు విచారించడం కాకుండా, పెద్ద వేదికలు ఏం చేయకూడదో ముందే రాసి పెట్టింది. ఆ చట్టం కింద మొదటి జరిమానాలు 2025 ఏప్రిల్‌లో యాపిల్‌కు 50 కోట్ల యూరోలు, మెటాకు 20 కోట్ల యూరోలు పడ్డాయి. మనకూ 2024 మార్చిలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా వచ్చింది. ఇంకా చట్టం కాలేదు. అది త్వరగా రావాలన్నది నా గట్టి కోరిక. అంకుర సంస్థలకు భారం కాకుండా పరిమితులు జాగ్రత్తగా పెట్టాలి, అంతే.

ఋషికొండ అతిథిగృహం | ఆదివారం, సాయంత్రం 4.40

అమ్మా, బిల్లు వచ్చేదాకా నేను ఆగలేను. ఈ డిసెంబరు సీజన్ వచ్చేస్తోంది. నిన్న మీ జవాబు చూశాక భీమిలి రోడ్డులో ఉన్న మరికొందరు యజమానులతో మాట్లాడాను. అందరికీ అదే ఫోన్ వచ్చిందట. కలిసి ఏదైనా చేయాలంటే ఏం చేయాలి? మా పేర్లు బయటికి వస్తే జాబితాలోంచి తీసేస్తారని భయం.

సబ్బవరం విద్యార్థిని | ఆదివారం, సాయంత్రం 5.55

నేను ఇంకా విద్యార్థినినే, న్యాయవాదిని తప్పకుండా సంప్రదించండి. చట్టంలో ఉన్నది చెబుతాను.

కమిషన్‌కు ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు, సంఘంగానూ ఇవ్వవచ్చు. ఇచ్చినవారి పేరు గోప్యంగా ఉంచమని కోరే వీలుంది. 2023 సవరణ తర్వాత, కారణం తలెత్తిన మూడేళ్లలోపు ఇవ్వాలి. మీ సంఘటన నిరుడు డిసెంబరుది కాబట్టి సమయం ఉంది, కానీ వాయిదా వేయకండి. తప్పు జరిగిందని కమిషన్ తేల్చితే, నష్టపోయినవారు 53ఎన్ సెక్షన్ కింద అప్పీలేట్ ట్రైబ్యునల్‌లో పరిహారం అడగవచ్చు. జరిమానా ఖజానాకు పోతుందని నిన్న రాశాను. మీ నష్టానికి చట్టంలో ఉన్న దారి ఇది. దీన్ని వాడుకున్నవారు తక్కువ.

కాగితాలు ముఖ్యం. యాప్‌తో చేసుకున్న ఒప్పందం, అది మారినప్పుడల్లా వచ్చిన ఈమెయిళ్లు, నెలవారీ కమీషన్ బిల్లులు భద్రంగా పెట్టండి. మీ పేరు జాబితాలో ఎక్కడ కనిపిస్తోందో తేదీ, సమయం కనిపించేలా తెర చిత్రాలు తీయండి. ధర మార్చక ముందు ఒకటి, మార్చాక ఒకటి.

ఋషికొండ అతిథిగృహం | ఆదివారం, సాయంత్రం 6.20

వాళ్లు ధర గురించి రాతపూర్వకంగా ఎప్పుడూ చెప్పరు. ఫోన్లోనే.

సబ్బవరం విద్యార్థిని | ఆదివారం, సాయంత్రం 6.34

అయితే ఫోన్ పెట్టేసిన వెంటనే మీరే ఈమెయిల్ పంపండి. ఇన్ని గంటలకు మీ ప్రతినిధి ఫోన్ చేసి మా సొంత వెబ్ పేజీలో ధర పెంచమన్నారు, ఇది మీ సంస్థ విధానమేనా, రాతపూర్వకంగా తెలియజేయండి అని రాయండి. జవాబు వస్తే అదే సాక్ష్యం. రాకపోయినా, ఆ తేదీన మీరు అడిగారన్నది నమోదై ఉంటుంది. మిగతా యజమానులకూ ఇదే చెప్పండి, ఎవరి మాటల్లో వాళ్లను రాయమనండి. అందరూ ఒకే ఈమెయిల్‌ను నకలు చేసి పంపవద్దు.

కంచరపాలెం మొబైల్స్ | ఆదివారం, రాత్రి 7.50

తెర చిత్రాలు తేదీతో సహా తీసి దాచుకోవడం రాని పెద్దవాళ్లెవరైనా ఉంటే మా దుకాణానికి పంపండి. సోమవారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటాను, నేర్పిస్తాను.